ప్లేయర్‌కి పెట్టిన డబ్బు తెర మీద ఎక్కడ కనిపిస్తుంది?

పెళ్లి డీవీడీలో తలంబ్రాల ఘట్టం ఒకసారి జాగ్రత్తగా చూడండి. అప్పటిదాకా శుభ్రంగా ఉన్న బొమ్మ, దోసిళ్లు పైకి లేచి బియ్యం జారటం మొదలవగానే గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. పసుపు గింజలు విడివిడిగా కనపడవు. పెళ్లికూతురి నుదుటి దగ్గర, బాసికం చుట్టూ అంతా ముద్దలా అలుక్కుపోతుంది. బియ్యం అయిపోయి చేతులు కిందికి దిగాక మళ్లీ అంతా సర్దుకుంటుంది.

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు వైపు ఏ ఇంట్లో బీరువా తెరిచినా పట్టుచీరల కింద ఇలాంటి డిస్కు ఒకటి ఉంటుంది. డెక్కులు పోయాయి, సీడీ షాపులు పోయాయి, ప్లేయర్లు అటకెక్కాయి. పిల్లలు పెద్దవాళ్లై అమ్మానాన్నల పెళ్లి చూస్తామంటే మళ్లీ ఒక ప్లేయర్ కావాలి. అప్పుడు వచ్చే ప్రశ్న పాతదే: కాస్త ఖరీదైంది తీసుకుంటే బొమ్మ బాగుంటుందా?

తలంబ్రాల వరకు జవాబు సూటిగా చెప్పొచ్చు. ఎంత ఖరీదైన ప్లేయర్ తెచ్చినా ఆ గళ్లు పోవు. అవి ప్లేయర్‌లో పుట్టినవి కావు, డిస్కులోనే ఉన్నాయి.

మనం వాడే పాల్ పద్ధతిలో డీవీడీ బొమ్మ అంటే 720 నిలువు వరసలు, 576 అడ్డ వరసల చుక్కలు, సెకనుకు 25 బొమ్మలు. దీన్ని ఉన్నదున్నట్టు దాచాలంటే సెకనుకు సుమారు 12 కోట్ల 40 లక్షల బిట్లు కావాలి. డీవీడీలో బొమ్మకు ఇచ్చే గరిష్ఠ వేగం సెకనుకు 98 లక్షల బిట్లు మాత్రమే. ఈ తేడాను పూడ్చేది ఎంపెగ్-2 అనే కుదింపు. అది బొమ్మను 16 చుక్కల చదరపు గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఉన్నది ముందు బొమ్మ నుంచి ఎటు జరిగిందో మాత్రం రాసుకుంటుంది. పందిరి కదలదు, వెనకాల కట్టిన పూల తెర కదలదు, పురోహితుడి చెయ్యి కాస్త కదులుతుంది. అలాంటి చోట పని చాలా తక్కువలో అయిపోతుంది. తలంబ్రాల్లో ఒక్కో గింజ ఒక్కో దారిన పడుతుంది. ముందు బొమ్మ చూసి తర్వాతి బొమ్మ ఊహించే వీలు లేదు. ఆ రెండు మూడు క్షణాలకు మామూలు కన్నా ఎన్నో రెట్లు బిట్లు కావాలి. అవి లేనప్పుడు యంత్రం వివరాన్ని వదిలేసి గడి మొత్తాన్ని ఒకే రంగుతో నింపేస్తుంది. మనకు కనిపించే గళ్లు అవే.

బిట్లు ఎందుకు లేవంటే, స్టూడియోలో లెక్క అలా కుదిరింది కాబట్టి. ఆ రోజుల్లో పెళ్లిళ్లకు వాడిన డీవీ కెమెరాలు టేపు మీద సెకనుకు రెండున్నర కోట్ల బిట్లు రాసేవి. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. గంట పెళ్లి అందులో పెడితే సెకనుకు కోటి బిట్ల దాకా వస్తాయి, డీవీడీ తీసుకోగలిగిన గరిష్ఠం దాదాపు అదే. మూడు గంటల పెళ్లి పెడితే 35 లక్షలు. స్నాతకం, బిందెలు తేవటం, అప్పగింతలు అన్నీ కలిపి నాలుగు గంటలు ఒకే డిస్కులో కుక్కితే 26 లక్షలు. కెమెరా పట్టిన దాంట్లో పదో వంతు. రెండో డిస్కు కొన్ని రూపాయల వస్తువు. ఆ రూపాయల దగ్గర పోయిన నాణ్యతను ఈ రోజు వేలు పోసినా తిరిగి కొనలేం.

సినిమా డిస్కుల్లోనూ ఇదే కథ. 1993లో వచ్చిన వీసీడీ ప్రమాణంలో బొమ్మ 352 అడ్డం, 288 నిలువు, వేగం సెకనుకు పదకొండున్నర లక్షల బిట్లు. ఒక డిస్కులో 74 నిమిషాలు పట్టేది. అందుకే తెలుగు సినిమా రెండు డిస్కులు, పెద్దదైతే మూడు. 2007లో మోజర్ బేర్ సంస్థ సినిమాల వ్యాపారంలోకి దిగి వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు పెట్టింది. బొమ్మలో చుక్కలు నాలుగింతలు పెరిగాయి, ధరలో తేడా ఆరు రూపాయలు. ఇంటి వినోదం చరిత్రలో ఆరు రూపాయలకు ఇంత నాణ్యత మరెప్పుడూ దొరకలేదని నా నమ్మకం. నాసిరకం ప్లేయర్‌లో పెట్టిన ఆ డీవీడీ ముందు, గొప్ప ప్లేయర్‌లో పెట్టిన వీసీడీ నిలవదు.

మరి ప్లేయర్ చేసే పనేమిటి? మొదటిది చదవటం. డీవీడీ మీద గుంటల వరసల మధ్య దూరం 0.74 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మైక్రాన్. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ ఆ వరస మీద నడుస్తూ ఒకట్లు, సున్నాలు ఏరుకుంటుంది. మధ్యలో గీత పడితే, మరక ఉంటే కొన్ని పోతాయి. వాటిని తిరిగి లెక్కగట్టే గణితాన్ని ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాల్మన్ 1960లోనే రాసిపెట్టారు. దానికి తోడు, పక్కపక్కన ఉండాల్సిన సమాచారాన్ని డిస్కు మీద దూరదూరంగా చల్లుతారు. పెట్టుబడంతా ఒకే చేలో పెట్టకుండా నాలుగు చోట్ల కౌలుకు చేసిన రైతుకు, వడగళ్లు ఒక చేలో పడితే మిగతా మూడూ దక్కినట్టు, గీత పడిన చోట పోయేది ప్రతి ముక్కలోంచి కొంచెం కొంచెమే. మామూలు ఆడియో సీడీలో ట్రాక్ వెంట రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం మొత్తం పోయినా ఒక్క బిట్ తప్పు లేకుండా ఈ గణితం తిరిగి కట్టగలదు.

దీని వల్ల తేలేదేమిటంటే, చదివినంత కాలం అన్ని ప్లేయర్లూ ఒకే సమాచారాన్ని చదువుతాయి. చదవలేని స్థితి వస్తే బొమ్మ ఆగిపోతుంది, గళ్లు చిమ్ముతుంది. ఈ రెంటికీ మధ్య "కాస్త బాగా చదవటం", దాని వల్ల "కాస్త చిక్కటి ఎరుపు" రావటం అనేవి లేవు. షాపులో ఎవరైనా అలా చెబితే నమ్మాల్సిన పని లేదు.

ఎరుపు మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగాలి. ఈ నేల మీద ఎరుపును చూసే కన్ను వేరు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డులో బస్తా విప్పి గుప్పెడు కాయలు అరచేతిలో పోసుకుని తేజ ఎంత, 334 ఎంత, తాలు ఎంత అని రంగు చూసి ధర చెప్పే చోటు ఇది. అలాంటి వాళ్ల ఇళ్లలో టీవీ సరిగ్గా ఎరుపు దగ్గరే దెబ్బతినేది. ఎర్ర పట్టుచీర అంచు ఒంటి మీద నుంచి పక్కకు కారినట్టు ఉండేది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదుగా కెమెరా వెళితే కాయలు విడిగా కనపడక ఒకే ఎర్రటి పరుపులా తోచేది.

దానికి కారణాలు రెండు. మన కన్ను వెలుగునీడల వివరాన్ని పట్టినంత బాగా రంగు వివరాన్ని పట్టదు. అందుకని డీవీడీలో నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు సమాచారం దాస్తారు. అంటే వెలుగు 720, 576 అయితే రంగు 360, 288 మాత్రమే. ఇది డిస్కులోని సంగతి. రెండోది తీగ సంగతి. పసుపు పిన్ను తీగలో వెలుగు, రంగు కలిసి ఒకే దారిన వెళతాయి. అందులో వెలుగుకు సుమారు 5 మెగాహెర్ట్జ్ చోటు దొరికితే, రంగుకు దొరికేది ఒకటింపావు చిల్లర. ఆ ఇరుకులోంచి వచ్చిన ఎరుపు అంచులు దాటి పాకుతుంది. ప్లేయర్ వెనక ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నులు మూడు ఉండి, టీవీకీ ఉంటే, ఆ మూడు తీగలు కలిపిన వెంటనే చీర అంచు చీర మీదే నిలుస్తుంది. ప్లేయర్ మార్చనక్కర్లేదు. ఆ పిన్నులు చాలా ఇళ్లలో దుమ్ము పట్టి ఉండిపోయాయి. పెట్టెతో పాటు వచ్చేది పసుపు, తెలుపు, ఎరుపు తీగ ఒక్కటే, మెకానిక్ బిగించి వెళ్లేది కూడా అదే.

ఎరుపుకు ఇంకో గండం కూడా ఉండేది. 2001లో అమెరికాలో డాన్ మన్సిల్, స్టేసీ స్పియర్స్ అనే ఇద్దరు ప్లేయర్లు వరసగా పరీక్షిస్తూ, ఎర్రటి వస్తువుల అంచుల్లో సన్నటి అడ్డగీతలు రావటం గమనించి కారణం పట్టుకున్నారు. డిస్కులో దాచిన సగం రంగు వరసల్ని తిరిగి పూర్తి వరసలుగా పెంచేటప్పుడు, సినిమా బొమ్మకు ఒక పద్ధతి, టీవీ కెమెరా బొమ్మకు ఇంకో పద్ధతి వాడాలి. చాలా చిప్పులు రెంటికీ ఒకటే వాడేశాయి. దాంతో రంగు వరసలు ఒకదాని చోట ఒకటి పడ్డాయి. ఈ లోపం చౌక ప్లేయర్లతో పాటు బాగా ఖరీదైన వాటిలోనూ బయటపడింది. పెట్టె వేరు, పేరు వేరు అయినా లోపల డీకోడర్ చిప్పు అదే కొద్దిమంది తయారీదారుల దగ్గర నుంచి వచ్చేది కాబట్టి. సరిగా చేసిన చౌక ప్లేయర్‌లో ఎరుపు నిలిచింది, సరిగా చేయని ఖరీదైన దాంట్లో చెదిరింది.

చిప్పు ఒక్కటవటం వల్లే ధరలు అంత వేగంగా పడ్డాయి. 1997లో అమెరికాలో మొదటి డీవీడీ ప్లేయర్లు 600 డాలర్ల దగ్గర మొదలయ్యాయి. 2003 నవంబరులో వాల్‌మార్ట్ ఒక ప్లేయర్‌ను 29 డాలర్లకు అమ్మింది. ఆ తర్వాత ఖరీదైన ప్లేయర్ అంటే ఏమిటన్న దానికి 2010లో ఒక గట్టి ఉదాహరణ దొరికింది. లెక్సికాన్ సంస్థ బీడీ-30 అనే బ్లూ-రే ప్లేయర్‌ను 3,500 డాలర్లకు పెట్టింది. ఆడియోహాలిక్స్ పత్రిక వాళ్లు దాన్ని విప్పి చూస్తే లోపల 499 డాలర్ల ఓప్పో బీడీపీ-83, అడుగు రేకుతో సహా, అలాగే కూర్చుని ఉంది. కొలిచి చూస్తే పనితీరూ అంతే. ఓప్పో చాలా మంచి ప్లేయర్ అన్నది కూడా ఇక్కడ మర్చిపోకూడదు. 499 డాలర్లలో ఉన్న నాణ్యత నిజమైనది, దాని మీద చేరిన మూడు వేలకే బొమ్మలో చోటు లేదు.

ధర నిజంగా తెర మీద కనిపించిన చోటు ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. ఆ రోజుల పెళ్లి కెమెరాలు బొమ్మను ఒకేసారి తీసేవి కావు. సెకనుకు 50 సార్లు, ఒకసారి సరి వరసలు, ఒకసారి బేసి వరసలు తీసేవి. పాత డబ్బా టీవీ కూడా అలాగే గీసేది కాబట్టి అందులో ఏ ఇబ్బందీ లేదు. ఇప్పటి ఎల్ఈడీ టీవీ అన్ని వరసలూ ఒకేసారి వెలిగించాలి. రెండు సగాల్నీ గుడ్డిగా కలిపితే, ఆ మధ్యలో కదిలిన చెయ్యి అంచు దువ్వెన పళ్లలా చీలుతుంది. కదిలిన చోట ఒకలా, కదలని చోట ఒకలా కలిపే తెలివి మంచి చిప్పుకే ఉండేది. 2000 దశకంలో ఫరూజా చిప్పు ఉన్న ప్లేయర్ల బొమ్మ మిగతావాటి కన్నా స్పష్టంగా మెరుగ్గా ఉండేది, దానికి ఎక్కువ డబ్బు పెట్టటంలో అర్థం ఉండేది. ఇప్పుడు ఆ తెలివి టీవీలోకీ, ఉచితంగా దొరికే కంప్యూటర్ ప్రోగ్రాముల్లోకీ వచ్చేసింది.

శబ్దం విషయం ఇంకా తేల్చుకోవటం తేలిక. ప్లేయర్ ముఖాన 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని స్టిక్కర్ ఉంటుంది. సీడీలోని 16 బిట్లే 96 డెసిబెల్స్ వ్యత్యాసాన్ని మోయగలవు. సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలో ఫ్యాన్ హోరే 45, 50 డెసిబెల్స్ ఉంటుంది. దాని కింద ఉన్నదేదీ చెవిని చేరదు. బోస్టన్ ప్రాంతంలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ చేసిన పరీక్ష 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఎక్కువ నాణ్యత గల డిస్కుల శబ్దాన్ని ఒకసారి అలాగే, ఒకసారి సీడీ స్థాయికి దించి వినిపించి తేడా పట్టమన్నారు. 554 సార్లు అడిగితే సరైన జవాబు 276 సార్లు వచ్చింది. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది.

మన షాపుల్లో అంతకన్నా పెద్ద బెడద పీఎంపీఓ అనే వాట్ల లెక్క. చేతిలో పట్టే స్పీకరు డబ్బా మీద 1,000 వాట్లని రాసి ఉండేది. పీఎంపీఓ అనేదానికి ఒప్పుకున్న ప్రమాణమే లేదు. ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. చూడాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అది కూడా పెట్టె వెనక కరెంటు ఎంత లాగుతుందని రాశారో దానితో పోల్చి. గోడలోంచి 60 వాట్లు లాగే యంత్రం వెయ్యి వాట్ల శబ్దాన్ని అదే పనిగా ఇవ్వలేదు. డాబా ఇంట్లో ఉత్త గోడలు, కింద గ్రానైట్ బండలు ఉన్న హాల్లో మాట గింగుర్లాడుతుంది. నా మాట వింటే ప్లేయర్ మీద పెట్టే అదనపు రెండు వేలు స్పీకర్లకూ, కిటికీల మీద దళసరి పరదాలకూ పెట్టండి. తేడా మొదటి పాటలోనే వినపడుతుంది.

పెళ్లి డిస్కులో శబ్దానికి మాత్రం ప్లేయర్, స్పీకరు రెండూ నిమిత్తమాత్రమే. జీలకర్ర బెల్లం వేళ గట్టిమేళం మొదలవగానే కెమెరాలోని ఆటోమేటిక్ అమరిక మైకును అణచేస్తుంది. మేళం ఆగిన తర్వాత కాసేపు పురోహితుడి మంత్రం గొణుగుడులా ఉండి, మెల్లగా పైకి లేస్తుంది. అది టేపు మీద పడ్డప్పుడే అలా పడింది. అలాగే పాల్ పద్ధతిలో చేసిన సినిమా డిస్కుల్లో పాట శ్రుతి కాస్త పైకి పోయి ఉంటుంది. సెకనుకు 24 బొమ్మల సినిమాను 25గా నడిపిస్తారు కాబట్టి మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోతుంది, గొంతు దాదాపు ముప్పావు స్వరస్థానం పెరుగుతుంది. చెవి ఉన్నవాళ్లు క్యాసెట్‌కీ డీవీడీకీ తేడా ఉందనేది ఇందుకే.

ఇంతకీ ఈ నేల మీద ప్లేయర్ ధర ఎక్కడ తేలుతుంది? ఎన్నాళ్లు బతుకుతుంది అన్న దగ్గర. బాగుచేసే బల్ల మీద మూత తీసిన ప్లేయర్‌ను చూడండి. మధ్యలో సెనగగింజంత ప్లాస్టిక్ లెన్స్, వెంట్రుకల్లాంటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది. అది డిస్కు ఊగిసలాటను అనుసరిస్తూ ఎప్పటికప్పుడు రెండు మైక్రాన్ల లోపు తేడాతో దూరం సర్దుకోవాలి. డిస్కు మీద పడిన దుమ్ము పెద్ద బాధ కాదు. డీవీడీలో సమాచారం పై పొర నుంచి 0.6 మిల్లీమీటర్ల లోపల ఉంటుంది. పైన ఉన్నప్పుడు లేజర్ వెలుగు అర మిల్లీమీటరు వెడల్పున పరుచుకుని ఉంటుంది కాబట్టి, 15 మైక్రాన్ల మందం ఉన్న ఒక పత్తి పోగు దానికి లెక్కలోకి రాదు. లెన్స్ మీద పడినది వేరు. జిన్నింగ్ మిల్లుల దగ్గర ఇళ్లలో దూది నూగు, యార్డు చుట్టుపక్కల మిరప దుమ్ము, వాటి మీద పోపు పొగ జిడ్డు కలిసి ఒక పొర కడతాయి. వచ్చే వెలుగు తగ్గుతుంది, చెదురుతుంది, కొత్త డిస్కు ఆడుతుంది, పాత డిస్కు "నో డిస్క్" అంటుంది. షాపులో "లెన్స్ పోయింది" అంటారు. చాలాసార్లు అది పోలేదు, స్పిరిట్‌లో తడిపిన దూదితో నెమ్మదిగా తుడిస్తే తిరిగి వస్తుంది. కొందరు మెకానిక్కులు పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి లేజర్‌కు కరెంటు పెంచుతారు. అప్పటికి ఆడుతుంది గాని లేజర్ ఆయుష్షు తరిగిపోతుంది.

రెండోది కరెంటు పెట్టె. అందులోని కెపాసిటర్లకు ఒక లెక్కుంది: పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. 105 డిగ్రీల రకం, 2,000 గంటలది, పెట్టెలో 65 డిగ్రీల దగ్గర సుమారు 32,000 గంటలు పనిచేస్తుంది. 85 డిగ్రీల రకమైతే 8,000 గంటలే. రెంటికీ కొనే ధరలో తేడా అతి స్వల్పం. బయట 45 డిగ్రీలు కాసే రెంటచింతల వైపు, గాలి ఆడని టీవీ స్టాండు అరలో, పైన స్టెబిలైజర్, దాని మీద గుడ్డ కప్పి పెట్టిన ప్లేయర్‌లో ఆ స్వల్పమే ఏళ్లుగా మారుతుంది. అన్ని వైపులా గాలి సందులున్న పెట్టె, లోపల 105 అని రాసి ఉన్న కెపాసిటర్లు, డిస్కు లోపలికి లాక్కున్నాక దుమ్ము రాకుండా మూసుకునే తలుపు: అదనపు డబ్బు ఇవ్వదగింది వీటికి.

ఇక బీరువాలోని డిస్కు. సినిమా డిస్కులా అది అచ్చు గుద్దినది కాదు, రంగు పూతను లేజర్‌తో కాల్చి రాసినది. ఆ పూత వేడికీ వెలుగుకూ క్రమంగా వెలిసిపోతుంది. కాబట్టి ప్లేయర్ కోసం వెతికే ముందు, కంప్యూటర్‌కు తగిలించే మామూలు డీవీడీ డ్రైవు ఒకటి తెచ్చి డిస్కును కాపీ చేయండి. ఒకటీ సున్నాల్లో ఏ తేడా రాదు. వీడియో_టీఎస్ అన్న ఫోల్డరును ఉన్నదున్నట్టు తీసుకోండి. చిన్న ఫైలుగా మార్చిపెడతామంటే ఒప్పుకోకండి, తలంబ్రాలకు ఉన్న కాసిని బిట్లు కూడా పోతాయి. 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో నిండా నింపిన డిస్కులు పదమూడు పడతాయి. హార్డ్ డిస్కులో ఇంకో ప్రతి ఉంచండి.

డ్రైవు మొరాయిస్తే ఇంకో డ్రైవులో పెట్టి చూడండి, ఒక లేజర్ చదవలేని డిస్కును ఇంకోటి చదవటం తరచూ జరుగుతుంది. అంతకు ముందు డిస్కును నీళ్లు, ఒక చుక్క సబ్బుతో కడిగి, మెత్తటి నూలు గుడ్డతో నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవొద్దు. తిన్నగా పడిన గీత ఒక్కో ట్రాక్‌లో ఒక్క చోటే అడ్డొస్తుంది, దాన్ని సరిదిద్దే గణితం డిస్కులోనే ఉంది. గుండ్రంగా పడిన గీత ఒకే ట్రాక్ వెంట చాలా పొడవున సాగుతుంది, అక్కడ పోయినదాన్ని తిరిగి కట్టటం దాని వల్ల కాదు.